సొంత స్టేషను మీదుగా రామేశ్వరం

1976లో నన్ను ఆదోని స్టేషనుకు బుకింగ్ క్లర్కుగా వేశారు. అంతకుముందు చాలా ఏళ్లు రైల్వేలోనే పోర్టరుగా మూటలు మోశాను, తర్వాత పార్శిల్ ఆఫీసులో ఆ మూటల మీద నంబర్లు వేశాను. నా చదువు ఐదో తరగతి, ఎమ్మిగనూరులో. ఇంగ్లీషు నాకు ఏ మాస్టారూ చెప్పలేదు, రైల్వే టైంటేబుల్ పుస్తకం చెప్పింది. డిపార్ట్‌మెంటు పరీక్ష పాసై కౌంటరు లోపలి కుర్చీలో కూర్చున్నాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. బుకింగ్ క్లర్కు అంటే కన్నంలోంచి డబ్బు లాక్కుని అట్టముక్క మీద తేదీ గుద్ది పారేసేవాడని చదువుకున్నవాళ్లు కూడా ఇప్పటికీ రాస్తున్నారు. రాసేవాడు ఒక్కపూట ఆ కుర్చీలో కూర్చుని ఉంటే ఆ మాట రాయడు.

అట్ట టిక్కెట్టు దగ్గర ఊర్లకు. నాలుగైదు ఊర్లు తిరిగి వచ్చే ప్రయాణానికి చేత్తో రాసే కాగితం టిక్కెట్టు ఇవ్వాలి. ఏ జంక్షన్ మీదుగా పోయేదీ దానిమీద వరసగా రాయాలి. రాసిన దారి తప్పితే టిక్కెట్టు చెల్లదు. బయల్దేరిన స్టేషనుకే మరో దారిన తిరిగొచ్చే ప్రయాణమైతే దాన్ని సర్క్యులర్ టిక్కెట్టు అంటారు. దారంతా రాసి డివిజన్ ఆఫీసుకు పంపి, మంజూరు తెప్పించుకోవాలి. అందులో కిరాయి కలిసొస్తుంది, మధ్యలో దిగి ఊర్లు చూడటానికి వీలూ ఉంటుంది. దిగిన ప్రతిచోటా స్టేషన్ మాస్టరుకు చూపించి వెనక సంతకం చేయించుకోవాలి. బెర్తుల కోసం ఒక్కొక్క పెద్ద స్టేషనుకూ తంతి కొట్టాలి, జవాబు వచ్చేదాకా కాచుకోవాలి. ఇంత ఉంది దాని వెనక.

ఈ రూల్సులో లేనిది నేనొకటి పెట్టుకున్నాను. రెండు రాత్రులు రైల్లో గడిచాక ఒక ఖాళీ రోజు. ఆ రోజు బండీ లేదు, గుడీ లేదు. సత్రంలో ఉండి బట్టలు ఉతుక్కోవాలి, అన్నం వండుకోవాలి, కాళ్లు చాపుకోవాలి. పోర్టరుగా ఉన్నప్పుడు యాత్రల నుంచి దిగేవాళ్లను ఎంతోమందిని చూశాను. సామాను నేను మోస్తే, మనుషులను వాళ్ల బంధువులు మోసేవాళ్లు. ఆ చూపు నుంచి పుట్టిన రూలు అది.

1979 మాఘమాసంలో కోసిగి దగ్గర పల్లె నుంచి నరసప్ప అనే రైతు కౌంటరు దగ్గరికి వచ్చాడు. కాశీ, రామేశ్వరం యాత్రకు పదకొండు మందిని పోగుచేసి, తనతో పన్నెండు అన్నాడు. అందరూ మెట్ట రైతులే. మెట్ట పైరు ఇంటికి చేరాక మళ్లీ వాన పడేదాకా అక్కడ చేయడానికి పనుండదు, సగం ఊరు కూలికి దేశాలు పట్టిపోతుంది. కాస్త జరుగుబాటున్నవాళ్లు ఆ ఖాళీలో యాత్ర పెట్టుకుంటారు. మా ఎమ్మిగనూరు నేతగాడు శివప్ప, అతని భార్య నాగమ్మ కూడా పోవాలని చాలాకాలంగా అంటుంటే, నేనే వాళ్లిద్దరినీ ఆ పార్టీలో కలిపి పధ్నాలుగు చేశాను.

వాళ్లలో హనుమక్క అని ఒక ముసలామె ఉంది. నరసప్ప వెంట ఆమె కూడా స్టేషనుకు వచ్చింది. అందరూ అవ్వ అనే పిలిచేవాళ్లు. మన వైపు కాశీయాత్రకు ఒక కట్టుబాటు ఉంది. ముందు రామేశ్వరం పోయి అక్కడి ఇసుక తేవాలి. దాన్ని ప్రయాగలో నదులు కలిసేచోట కలపాలి. అక్కడి గంగను తెచ్చి రామేశ్వరంలో స్వామికి పోయాలి. అప్పటికి యాత్ర పూర్తయినట్టు. హనుమక్క భర్త ఎప్పుడో రామేశ్వరం పోయి ఇసుక తెచ్చాడు. కాశీకి పోకముందే కాలం చేశాడు. ఆ ఇసుక మూట ఏళ్ల తరబడి దేవుని గూట్లో ఉండిపోయింది.

ఏమేం చూడాలనుకుంటున్నావని అడిగితే ఆమె, "ప్రయాగలో ఇసుక కలపల్ల, రామేశ్వరంలో గంగ పొయ్యల్ల. నడమ ఊర్లన్నీ మీ ఇష్టం నాయనా, నన్ను అడగద్దండి" అంది.

నేను రాసిన దారి ఇది. రాయచూరు, మన్మాడు మీదుగా ప్రయాగ, కాశీ, గయ. అక్కడి నుంచి కలకత్తా, పూరీ. తర్వాత సముద్రం ఒడ్డునే వాల్తేరు, బెజవాడ, మదరాసు, రామేశ్వరం. తిరుగు దారిలో తిరుపతి చూసుకుని, గుంతకల్లు మీదుగా ఆదోని. నాలుగుచోట్ల ఖాళీ రోజులు. ఉగాది కాగానే బయల్దేరితే రోహిణి కార్తె ఇంకా రాకముందే ఇంట్లో ఉంటారు.

ఇంత చుట్టు ఎందుకని నరసప్ప అడిగాడు. కాశీ నుంచి వచ్చిన దారినే మదరాసుకు పోవచ్చు, అది దగ్గర. కాని ఆ లైను ఆదోని మీదుగా పోతుంది. కోసిగి పొలాల పక్కనుంచే పోతుంది. గంగ చెంబుతో సొంత ఊరి పొలిమేరలోకి రాకూడదు, వస్తే యాత్ర ముగిసినట్టే అనేది వాళ్ల కట్టుబాటే, నేను కల్పించింది కాదు. పైగా బయల్దేరిన స్టేషను మధ్యలో వస్తే సర్క్యులర్ టిక్కెట్టు ఇవ్వడానికి వీల్లేదు. శాస్త్రమూ రైల్వే రూలూ ఒక్క మాట చెప్పడం నా సర్వీసులో అదొక్కసారే చూశాను. అదే అతనికి చెప్పాను. అతను ఊ కొట్టి, దారి రాసిన కాగితం మడిచి తలగుడ్డలో దోపుకుని పోయాడు.

మళ్లీ వచ్చింది ఉగాది పోయి నెల దాటాక. తమ్ముని కూతురి పెళ్లి కుదిరింది, యాత్ర వెనక్కి పోయింది. అందులో తప్పేమీ లేదు. బయల్దేరే రోజు వెనక్కి పోతే ఊర్లు తగ్గించుకోవాలి, లేదా యాత్రనే వచ్చే ఏటికి పెట్టుకోవాలి. నరసప్ప రెండూ చేయలేదు. రోజులు తగ్గించి ఊర్లు పెంచాడు.

ఖాళీ రోజుల మీద వేలుపెట్టి, "ఈ దినాల్లో యేం జేస్తారప్పా?" అన్నాడు.

బట్టలు ఉతుక్కుంటారన్నాను.

"బట్టలు ఉతకనీకి కాశీదాకా పోవల్లనా? మా ఊర్లో వంక ల్యాదా?" అన్నాడు. వెనక నిలబడిన వాళ్లంతా నవ్వారు.

ఖాళీ రోజులన్నీ పోయాయి. గయ, కలకత్తా, పూరీ పోయాయి. పూరీ పోయినందుకు బదులుగా, దారిలోనే ఉన్నాయి గదా అని పోయేటప్పుడు పండరీపురం, వచ్చేటప్పుడు నాసిక్కు పెట్టించాడు. ఊర్ల లెక్క తగ్గితే ఊర్లో చెప్పుకోవడానికి బాగుండదట. ఇక నాసిక్కు నుంచి రామేశ్వరానికి దారి ఒక్కటే మిగిలింది, ఆదోని మీదుగా.

పొలిమేర సంగతి గుర్తుచేశాను. దానికీ జవాబు తయారుగా పెట్టుకున్నాడు. "బండ్లో కూసోని పోతాంటే పొలిమేర దాటినట్టు యాడయితాదన్నా? కాలు నేల మింద పడితే గదా. రైలు గవర్నమెంటుది, దానికి పొలిమేర యాడిది?"

పక్కన ఎవరో, "మరి కిటికీలోంచి మన సేను కనబడితే?" అన్నాడు.

"కండ్లు మూసుకో" అన్నాడు నరసప్ప.

శివప్పను పక్కకు పిలిచి ఈ తిరుగుడు నీ భార్య తట్టుకోలేదు, మానుకోమన్నాను. అతను, "మగ్గం గుంతలో దినమంతా కూసునేటోల్లం, రైల్లో కూసోలేమా?" అన్నాడు. హనుమక్క ఒక్కటే అడిగింది, రామేశ్వరం ఉందా లేదా అని. ఉందన్నాను. "ఉంటే సాలు" అంది. గుమాస్తా మాట చెప్పగలడు గాని టిక్కెట్టు ఇవ్వనని చెప్పలేడు. అడిగిన దారికి టిక్కెట్టు రాయడం నా ఉద్యోగం, రాశాను.

పద్ధతి ఇలా కుదిర్చాను. ఆదోని నుంచి కాశీకి పోయి రావడానికి పధ్నాలుగు మందికీ కలిపి ఒక టిక్కెట్టు. అది తిరిగి ఆదోనితో ఆగిపోతుంది. ఆదోని నుంచి రామేశ్వరం పోయి రావడానికి ఇంకొకటి. దాన్ని నేను ముందే తయారుచేసి పెట్టుకుని, వాళ్ల బండి ఆదోనిలో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద కిటికీలోంచి అందిస్తాను. వాళ్లు దిగే పనిలేదు. మదరాసు దాకా బెర్తులు అదే పెట్టెలో ఉండేట్టు తంతి కూడా కొట్టాను.

బండి వచ్చే రోజుకు ఇంకా రోహిణి కార్తె పూర్తి కాలేదు. రోహిణిలో మా వైపు రోళ్లు పగిలే ఎండ కాయాలి. ఆ ఏడు కాయలేదు. ముందు రెండు రోజులూ కోసిగి, ఆదోని అంతటా పెద్ద వాన కురిసింది. స్టేషను ముందర జట్కాలు బురదలో దిగబడ్డాయి. ఊర్లో వాళ్లంతా సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం టిక్కెట్టు చేత పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి బండి ఆలస్యం కావాలని కోరుకున్నాను. రాత్రయితే పొలాలు కనపడవు. బండి పట్టపగలు, వేళకే వచ్చింది.

పెట్టెలో జరిగింది తర్వాత శివప్ప చెప్పాడు. మంత్రాలయం రోడ్డు స్టేషను దాటాక కిటికీల్లోంచి తడిమట్టి వాసన లోపలికి వచ్చింది. అప్పటిదాకా పడి నిద్రపోతున్న మగవాళ్లంతా ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. కోసిగి దగ్గర వాకిలి పట్టుకుని నిలబడ్డారు. పక్కూరి వాళ్లు అప్పుడే ఎడ్లకు గొర్రులు కట్టి విత్తుతున్నారు. నరసప్ప కండ్లు మూసుకోలేదట.

బండి ఆగీ ఆగకముందే మూటలు కిందపడ్డాయి. నేను టిక్కెట్టు చాపితే ఎవరూ చెయ్యి చాపలేదు. నరసప్ప నా ముఖం చూడకుండా, "పదును పోతాదన్నా. మూడు దినాలు దాటితే నేల ఆరిపోతాది. మల్ల వాన ఎప్పుడో ఎవరికి తెల్సు?" అన్నాడు. మెట్ట రైతుకు విత్తడానికి తగిన తడిని పదును అంటారు. అది పోతే ఆ ఏడు తిండి పోయినట్టే. అతను చెప్పింది నిజం. అంత నిజం చెప్పేవాడు, ఖాళీ రోజులు కొట్టేసిన రోజున ఈ లెక్క ఎందుకు వేసుకోలేదన్నదే ఇప్పటికీ నా కోపం.

పెట్టెలో హనుమక్క కదలకుండా కూర్చుంది. మూత అతికించిన రాగి చెంబు ఒళ్లో ఉంది. దిగమని బయటి నుంచి నలుగురు పిలిచారు.

"మీ సేండ్లు మీరు ఇత్తుకోండప్పా. నేను ముందుకు పోవల్ల" అంది.

"ఒక్కదానివి యాడికి పోతావవ్వా, ఇత్తనం పడినాంక అందరం పోదాం" అన్నాడు నరసప్ప.

నేను కిటికీ దగ్గరికి పోయి ఆమెతో చెప్పాను. పధ్నాలుగు మంది టిక్కెట్టు మీద ఒక్కరు పోయినా చెల్లుతుంది. మిగతావాళ్లు రాలేదని వెనక రాసి సంతకం చేయించి ఇస్తాను. కాని మదరాసులో దిగి ఊర్లోనే ఇంకో స్టేషనుకు పోయి చిన్న లైను బండి ఎక్కాలి. ఆమెకు అక్షరం రాదు, అరవం రాదు. ఆమె నా వైపు కాక నాగమ్మ వైపు చూసింది.

నేతగాళ్లకు పదునుతో పనిలేదు. మగ్గం వానలోనూ ఆడుతుంది. శివప్ప, నాగమ్మ ఆమెను రామేశ్వరం తీసుకుపోవచ్చు, ఆ మాట ఇచ్చి కూడా ఉన్నారు. కాని నాగమ్మ కాళ్లు మోకాళ్ల దాకా వాచి ఉన్నాయి. ప్రయాగ నుంచి ఆదోని దాకా ఒక్క పూట ఒకచోట పడుకున్న పాపాన పోలేదు వాళ్లు. నాసిక్కులో గుడి మెట్ల మీద ఆమె కూలబడితే మోసుకొచ్చి బండెక్కించారట. అయినా ఆమె, "పోదాం పా అవ్వా" అనబోయింది. శివప్ప భార్య కాళ్లు చూసి, "ఈమె ముందుకు పోతే మనిషి దక్కదు" అన్నాడు. రెండు ఖాళీ రోజులు ఉండి ఉంటే ఆ ముగ్గురూ ఆ బండిలోనే సాగిపోయేవాళ్లు. వాన పడనీ, పిడుగు పడనీ.

గార్డు ఈల వేశాడు. ఆదోని మా ఊరి పొలిమేర కాదుగదా అని తనకు తానే చెప్పుకుంటూ హనుమక్క చెంబుతో దిగింది.

కోసిగి వైపు మాత్రం పోనంది. చెంబులో గంగ ఉన్నంతకాలం తన ఊర్లో కాలుపెట్టనంది. శివప్ప ఆమెను ఎమ్మిగనూరు తీసుకుపోయి తన ఇంట్లో పెట్టుకున్నాడు. చెంబును ఇంట్లోకి తేకుండా వసారాలో కట్టిన ఉట్టి మీద పెట్టింది. విత్తనం పడగానే వస్తానన్న నరసప్ప విత్తనం పడ్డాక కలుపు అన్నాడు. కలుపు అయ్యాక వాన వెనకబడిందన్నాడు. ఒకసారి ఎమ్మిగనూరులో అతన్ని సంతలో పట్టుకుని నిలదీశాను. "అన్నా, నన్ను తిట్టు, పడతా. సేను వదిలి రమ్మని మాత్రం సెప్పొద్దు" అన్నాడు. నాగమ్మ కాళ్లు తగ్గడానికి చాలా కాలం పట్టింది. నేనే తీసుకుపోదామని సెలవు అడిగితే బదులు క్లర్కు లేడన్నారు. నిజంగానే లేడు.

చివరికి నేనే ఒక ఏర్పాటు చేశాను. ఆదోని దూది వ్యాపారుల ఇళ్లనుంచి ఒక ఆడవాళ్ల పార్టీ భాద్రపదంలో రామేశ్వరం పోతోంది. వాళ్లతో మాట్లాడి హనుమక్కను కలిపాను. ఈసారి మదరాసులో ఒక రోజు, మధురైలో ఒక రోజు ఖాళీ పెట్టించాను. కబురు చేస్తే ఆమె శివప్ప చేత, "ఆ నెలన్నర ఎట్లనో ఉంటానని సెప్పు" అని చెప్పించింది.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతర వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి బస్సుల మీద బస్సులు పోతాయి. హనుమక్క కూడా చెంబు వదలకుండా పోయింది. ఉరుకుంద ఆమె ఊరు కాదు, పోవడానికి అడ్డేమీ లేదు. అక్కడికి ఆమె కొడుకు, కోడలు పిల్లలతో వచ్చారు. వాన వెనకబడి విత్తిన సేను ఎండిపోయింది. మొగుడూ పెళ్లాం కూలికి బయటి జిల్లాకు పోవాలి. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బండి జాతర మర్నాడే. చదువుకునే పిల్లలను, చిన్నదాన్ని ఎవరి దగ్గర వదలాలి? అవ్వ ఇంటికి రావాలి, గంగతో రాకూడదు. ఊరి పెద్దలు అక్కడే ఉన్నారు. నరసప్పా ఉన్నాడు. అందరూ కలిసి ఆలోచించి, ఈరన్న కూడా శివుని అంశే కదా, ఆయనకే పోస్తే రామేశ్వరంలో పోసినట్టే అని తేల్చారు.

భాద్రపదంలో పార్టీ బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు హనుమక్క స్టేషనుకు వచ్చింది. తన పేరు కొట్టేయమని చెప్పడానికే వచ్చింది. ఒక మనవరాలిని చంకనెత్తుకుని ఉంది. నేను కౌంటరు మూసి బయటికి వచ్చాను.

"ఈరన్నకు పోసినానప్పా" అంది. "అందరూ బాగుందన్నారు. నేను గూడా బాగుందన్నా."

మంచిపనే చేశావని అనాల్సింది, పేరు కొట్టేస్తానని మాత్రం అన్నాను.

అప్పుడామె అంది. "మా ఇంటాయన తెచ్చిన ఇసుక ఆడికి పోయి సేరింది. ఆడి నీళ్లు మాత్రం ఆయప్ప సూసిన సోటికి సేరలా. ఈరన్న మంచోడే. అయితే మా ఇంటాయన ఇసుక తెచ్చింది ఈరన్న కాడి నుంచి గాదు గదా."

మనవరాలు ఏడిస్తే, బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు బతికింది. మళ్లీ రైలెక్కలేదని శివప్ప చెప్పేవాడు. నరసప్ప మాత్రం ఆ యాత్రలో చూసిన ఊర్ల పేర్లు ఎప్పుడడిగినా వరసగా చెప్పేవాడు.

ఎనభైల్లో యాత్రల పార్టీలు పెరిగాయి. ఇన్ని రోజుల్లో ఇన్ని ఊర్లు అని గోడల మీద రాసుకునే ఏజెంట్లు ఆదోనిలోనూ పుట్టుకొచ్చారు. ఒకాయన తన కాగితం నాకు చూపించి, ఎక్కడా ఒక్క గంట వృథా లేదని మురిసిపోయాడు. ఖాళీ గంటలు వృథా కాదని అతనికి చెప్పి చూశాను. వినలేదు. నేను మాత్రం రిటైరయ్యేదాకా పద్ధతి మార్చుకుని పనిచేశాను. ఎవరైనా పెద్ద ప్రయాణం రాయమని వస్తే, ఏ ఊర్లు చూడాలని ముందు అడగడం మానేశాను. మీలో ఒక్క ఊరి కోసమే వచ్చేవాళ్లు ఎవరని అడిగేవాణ్ణి. అలాంటి మనిషి ఉంటే ఆ ఊరు ముందు పెట్టేవాణ్ణి, దానికి ముందు ఒక ఖాళీ రోజు పెట్టేవాణ్ణి. ఆ ఊరు చేరేదాకా దారి ఎవరి సొంత స్టేషను మీదుగానూ పోకుండా చూసేవాణ్ణి. దగ్గర దారి టైంటేబుల్ చూసి ఎవరైనా చెప్పగలరు. పార్టీలో సగం మంది మధ్యలో దిగిపోయినా మిగిలినవాళ్లు చేరగలిగే దారి రాయడమే మా పని. అది నాకు పరీక్ష పాసైన నాటికి తెలియదు.